పట్టణపు గోడయు, పల్లె చెరువుకట్టయు

2025వ సంవత్సరము సెప్టెంబరు 26వ తేదీ రాత్రి నేను హైదరాబాదు ఫిలింనగరులో మా మేనల్లుని యింట నుంటిని. అతడు చలనచిత్రములకు వలయు కొయ్యకట్టడములు కట్టు పనివాడు. పదిదినములలో ఊరు నిలిపి, పదునొకండవ దినమున దానిని ఊడదీయుట అతని వృత్తి. ఆ దినములలో వాన విడువక కురియుచుండెను. అతని యింటిముందరి వీథి జూబ్లీహిల్సు కొండవాలున దిగును. వాననీరు ఆ వాలువెంట చీలమండలు మునుగునంత పారుచు, ఆకులను, చెప్పులను, ఖాళీ సీసాలను ఈడ్చుకొని పోవుచుండెను. నేను వాకిట నిలిచి "ఈ నీరంతయు ఎక్కడికి పోవునురా?" అని యడిగితిని. "క్రిందికి పోవును మామయ్యా" అని యతడు నవ్వెను. "మనది కొండ. ఇక్కడికి వరద యెట్లు వచ్చును?"

మరునాటి యుదయమున పత్రికలు చూచితిమి. ఎగువను కురిసిన వానలచే గండిపేట చెరువును, హిమాయతుసాగరమును నిండి, వాని తలుపు లెత్తవలసి వచ్చెను. రెంటినుండియు కలిసి ముప్పదివేల క్యూసెక్కులకు పైబడి వదలిన నీరు మూసీలో దిగి మహాత్మాగాంధీ బస్సుస్టేషనులో జొరబడెను. దసరా పండుగకు ఊళ్లకు బయలుదేరిన జనులు రాత్రివేళ పిల్లలతో, పెట్టెలతో నీటినడుమ చిక్కుకొనిరి. నదియొడ్డు బస్తీలవారు మూటలు నెత్తిన బెట్టుకొని మెరకకు పోయిరి.

మా మేనల్లుడు పత్రికను మడచి, "రాత్రి మన వాకిట పోయిన నీరు గూడ అక్కడికే చేరినదా మామయ్యా?" అనెను. చేరకేమి? ఫిలింనగరు వాలున షేకుపేట, టోలీచౌకి వైపు దిగు నీరైనను, ఆవలి వాలున దుర్గము చెరువునకు పోవు నీరైనను, బంజారాహిల్సు మీదుగా హుసేనుసాగరమున బడు నీరైనను, ఎన్ని మలుపులు తిరిగినను తుదకు మూసీని చేరవలసినదే. దానికి వేరు దారి లేదు.

ఈ పట్టణపు ముచ్చట సేద్యగాండ్ర పత్రికలో ఏలయని కొందరు సభ్యులు తలపవచ్చును. ఏలయనగా, మూసీని బాగుచేయుటకు 2017లో ప్రభుత్వము ఒక ప్రత్యేక సంస్థ నేర్పరచినది. 2024 నుండి ఆ ప్రయత్నము ముమ్మరమైనది. ఒడ్డున గోడలు, బాటలు, తోటలు వేయుదుమనుచున్నారు. అందు నాకు విరోధము లేదు. కాని ఆ మాటలలో ఎగువ గ్రామముల చెరువుల ప్రసక్తి మిక్కిలి తక్కువగా వినబడుచున్నది. నా గ్రామము శంకరపల్లి కెగువ, మూసీకి నీరిచ్చు నేలపై నున్నది. మా చెరువు మత్తడి దూకినపుడు ఆ నీరు గండిపేటకు పోవును. మా చెరువు కట్ట తెగినను అక్కడికే పోవును, కాని అప్పుడు మెల్లగా పోదు. నేను చెప్పదలచినది ఇంతే. మూసీవరదకు మొదటి అడ్డు నగరమున కట్టు గోడ కాదు, ఎగువ గ్రామముల చెరువుకట్ట. దానిని కాపాడు రైతునకు నగరము కూలి యీయవలయును. అది దానము కాదు, బాకీ.

ఇది నా ఊహ కాదు. నూటపదునేడేండ్ల క్రిందట ఆ నగరమే పెద్ద మూల్యమిచ్చి నేర్చుకొన్న పాఠము. 1908వ సంవత్సరము సెప్టెంబరు 28వ తేదీన మూసీ పొంగినపుడు, శంషాబాదులో 24 గంటలలో 12.8 అంగుళముల వాన కురిసెను. 48 గంటలలో 18.9 అంగుళములు. అఫ్జలుగంజు, ముసల్లంజంగు, చాదరుఘాటు వంతెనలు కొట్టుకొనిపోయెను. 1578లో కుతుబుషాహీలు కట్టిన పురానాపూలు మాత్రము నిలిచెను. పందొమ్మిదివేల యిండ్లు నేలమట్టమయ్యెను. ఎనుబదివేలమందికి నిలువ నీడ లేకపోయెను. చనిపోయినవారి లెక్క ఒక్కొక్కరొక్కొక విధముగా చెప్పుదురు. పదునైదువేలనునది తరచుగా వినబడు మాట. ఉర్దూకవి అమ్జదు హైదరాబాదీ తన తల్లిని, భార్యను, కూతురిని ఆ యొక్కనాడే పోగొట్టుకొనెను. నేటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టుకొమ్మ లెక్కి నూటయేబదిమంది బ్రతికిరి. ఆ చెట్టు ఇంకను ఉన్నది. నగరమునకు పోవు సభ్యులు చూచి రాదగినది.

అప్పటి నిజాము మహబూబు అలీఖాను మరుసటియేడు మోక్షగుండము విశ్వేశ్వరయ్యగారిని పిలిపించెను. ఆయన మొదట నదియొడ్డున గోడ యెంత యెత్తు కట్టవలెనని లెక్క వేయలేదు. నీరు ఎక్కడినుండి వచ్చినదని విచారించెను. నగరమునకెగువ మూసీ, ఈసీ నదుల పరీవాహము సుమారు 860 చదరపు మైళ్లు. అందు 788 చెరువులు గలవు. అనగా దాదాపు మైలున కొక చెరువు. మన పూర్వులు ఎంత దట్టముగా చెరువులు త్రవ్విరో ఈ యొక్క యంకెయే చెప్పుచున్నది. ఆ 788లో ఆ వానకు 221 చెరువులు తెగెను. పైచెరువు తెగి క్రింది చెరువుపై బడ, అది తెగి దానిక్రింది దానిపై బడ, గొలుసుకట్టుగా నీరంతయు ఒక్కరాత్రిలో నగరముపై బడెను. ఆయన లెక్క ప్రకారము వరద మిన్నందినపుడు మూసీలో పారిన నీరు సుమారు 4,25,000 క్యూసెక్కులు.

ఈ యంకెలను రైతులు రెండుసారులు చదువవలయునని నా ప్రార్థన. 221 తెగినవనుచో, 567 తెగలేదు. ఆ తెగని చెరువులే ఆ రాత్రి లక్షలకొలది జనులను కాచినవి. వానికి శిలాశాసనము లేదు, ఉత్సవము లేదు. ఆ కట్టలమీద ఆ రాత్రి లాంతరు పట్టుకొని, మట్టితట్టలతో బుంగలు పూడ్చుచు, మత్తడిలో పేరుకొన్న చెత్తను లాగివేయుచు ఎందరు నీరటికాండ్రు, ఎందరు రైతులు తెల్లవారు నిలిచిరో ఎవరును వ్రాసి యుంచలేదు. తెగినవాని మాట వేరు. పూడిక తీయని చెరువు, మత్తడి ఇరుకైన చెరువు, కట్టమీద తుమ్మచెట్లు మొలచి వేళ్లు దించిన చెరువు వరదనాడు మిత్రుడు కాదు, శత్రువే. నిండిన చెరువు తెగుటకంటె ఆ చెరువు మొదలే లేకుండుట మేలు. లేని చెరువు నీరు వాగువెంట కొంత కొంతగా పోవును. తెగిన చెరువు నీరు గోడవలె నిలువుగా వచ్చును.

విశ్వేశ్వరయ్యగారు 1909లో నివేదిక నిచ్చెను. నగరమున కెగువ రెండు నదులపైనను వరద నాపు పెద్ద జలాశయములు కట్టవలెననియు, నగరములో ఒడ్డులను ఎత్తుచేసి వానిపై తోటలు, నడకబాటలు వేయవలెననియు ఆయన సూచన. దాని ఫలముగా మూసీపై 1920లో ఉస్మానుసాగరము, ఈసీపై 1927లో హిమాయతుసాగరము పూర్తియయ్యెను. ఉస్మానుసాగరమునే మనము గండిపేట యందుము. 1912లో నగరాభివృద్ధి మండలి యేర్పడెను. ఒడ్డు రాతిగోడలు లేచెను, తరువాతి యేండ్లలో హైకోర్టు, ఉస్మానియా ఆసుపత్రి నదికి ఎదురుబొదురుగ వెలసెను. వరుసను గమనింపుడు. ముందు ఎగువ, పిదప ఒడ్డు. ఇప్పటి మాటలలో ఆ వరుస తారుమారగుచున్నదేమోయని నా భయము.

ఆ జలాశయములకు పుట్టుకనుండియు ఒక చిక్కు గలదు. అవి వరద నాపవలెను, నగరమునకు త్రాగునీరు నీయవలెను. వరదకైతే చెరువు ఖాళీగా నుండవలెను, దాహమునకైతే నిండుగా నుండవలెను. ఒకే గాదెను వర్షమునకు ముందు ఖాళీగాను, నిండుగాను ఉంచుమనిన ఏ గృహస్థు ఉంచగలడు? ఇప్పుడు కృష్ణనుండియు, గోదావరినుండియు నగరమునకు నీరు వచ్చుచున్నది గనుక, వానకాలపు మొదట ఈ రెంటిని కొంత తగ్గించి యుంచుట మునుపటికంటె సులభము. అయినను ఎంత తగ్గించినను ఎగువ చెరువులన్నియు ఒక్కసారి తెగి వచ్చి పడినచో అవి తాళలేవు. ఎగువ చెరువు సాగరమునకు తల్లివంటిది. తల్లి దుర్బలురాలైన బిడ్డకు బలమెక్కడిది?

ఇక గోడ మాట. నదికి ఇరుప్రక్కల గోడ కట్టుట తప్పు కాదు. కాని గోడ నీటిని మింగదు, తరుముటయే దాని పని. నగరమున త్వరపడిన నీరు దిగువను పీర్జాదిగూడ మొదలుకొని సూర్యాపేట దాక కత్వలక్రింద వరి పండించు రైతులపైకి మరింత వేగముగా పోవును. వాడపల్లివద్ద కృష్ణలో కలియువరకు మూసీ మన నదియే గదా! ఆ దిగువ రైతులు నేటికే నగరపు మురుగునీటితో వరిమళ్లు తడుపుకొని కాళ్లు పుండ్లు చేసుకొనుచున్నారు. వరదనీరు గూడ వారి నెత్తిన వేయుట ధర్మము కాదు. గోడల నడుమ నదికి వెడల్పు తగ్గినచో కీడు ఇంకను ఎక్కువ. 2025లో బస్సుస్టేషనులోనికి వచ్చిన వరద 1908 నాటి దానిలో పదవవంతు గూడ కాదు. పదవవంతు రాని నీటికే నగరము తడబడెననగా, నది చిక్కిపోయినదని గాక వేరేమి చెప్పవలెను?

కొండమీది సంగతికి మరల వత్తును. జూబ్లీహిల్సు మన సహకారోద్యమమున కొక వింత నిదర్శనము. 1960 దశకమున అక్కడ గృహనిర్మాణ సహకార సంఘ మేర్పడినపుడు అది బండలు, ముండ్లపొదలుగల గుట్ట. సభ్యులు కూడి వాటాలు వేసి, బాటలు వేసి, దానిని దేశమున ప్రసిద్ధమైన పేటగా చేసిరి. తెలుగు చిత్రపరిశ్రమ మదరాసునుండి తరలివచ్చి దానిప్రక్కనే ఫిలింనగరున స్థిరపడెను. సహకారమనగా విత్తనములు, ఎరువులు, అప్పులు మాత్రమే యని తలచు మనవారికి ఈ కథ చెప్పదగినది. అయితే బండమీద మునుపు పొదలు, గుంటలు, ఇసుకమన్ను ఉండి కొంత నీటిని పట్టుకొనుచుండెను. ఇప్పుడు సిమెంటు, తారు, రాతిపలకలు పరచిరి. వాన పడిన గడియలో నీరు క్రిందనుండును. కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయోద్యానవనము వంటి ఒకటిరెండు తావులు మిగిలినవి గాని, తక్కినదంతయు వాలుబల్లయే. 2020 అక్టోబరున గొప్పవాన కురిసినపుడు టోలీచౌకిలోని నదీం కాలనీ దినములతరబడి నీట నానెను. అదే వానకు నగర దక్షిణమున పల్లెచెరువు, గుఱ్ఱముచెరువు తెగి, క్రింది బస్తీలను ముంచెను. ఆ చెరువులు ఇప్పుడు పల్లెలలో లేవు, నగరమే వానిని చుట్టుముట్టినది; కాని తెగిన విధము 1908 నాటిదే.

మా మేనల్లుడుండు ఇంటి యజమాని వయసు మళ్లినవాడు, ఒక గృహనిర్మాణ సహకార సంఘమున సభ్యుడు, మర్యాదస్థుడు. నా మాటలన్నియు విని, "మీ చెరువుల మరమ్మతునకు మేమేల సొమ్మీయవలెనండీ? మీ పొలములకు నీరు వచ్చుచున్నది గదా" అని అడిగెను. న్యాయమైన ప్రశ్న. నేను చెప్పిన ప్రత్యుత్తరము ఇది. "అయ్యా, మా ఆయకట్టు మడికి వలయునంత కట్ట మేము కాచుకొందుము. మామూలు వానకు అది చాలును. నూరేండ్ల కొకసారి వచ్చు వానకు తాళునట్లు మత్తడి వెడల్పు చేయవలెనన్నను, కట్టకు రాతికట్టు పోయవలెనన్నను అది మా వరికి అక్కరలేదు. ఆ కట్ట తెగినచో మాకు ఒక పంట పోవును. మీ నగరమునకు ప్రాణములు పోవును. ఎవరి లాభమునకు అధికముగా కట్టవలెనో ఆ యధికపు వెల వారిది గదా." ఆయన వెంటనే ఒప్పుకొనలేదు, త్రోసివేయనును లేదు.

ఇట్టి పద్ధతి లోకమున లేనిది కాదు. మన మూసీవరదకు అయిదేండ్ల తరువాత, 1913 మార్చిలో, అమెరికాలో ఒహాయో రాష్ట్రపు డేటను నగరమును మయామీ నది ముంచెను. ఆ లోయలో మూడువందల యరువదిమందికి పైగా చనిపోయిరి. నీరు దిగకముందు ఇండ్ల అటకలమీద కూర్చుండి చేసికొన్న బాసలను మరువక, నగరవాసులు కొలది వారములలో ఇరువదిలక్షల డాలర్లకు పైగా చందాలు వేసికొనిరి. ఆర్థరు మార్గను అను ఇంజనీరు అక్కడ గూడ ఎగువనే చూచెను. 1922నాటికి ఎగువ వాగులపై అయిదు కట్టలు లేచెను. వానికి తలుపులు లేవు, నిలువనీరు లేదు. కట్టయడుగున ఎప్పుడును తెరచియుండు కంతలద్వారా మామూలు నీరు పోవును. గొప్పవరద వచ్చినపుడు ఆ కంతలు చాలక వెనుకటి పొలములలో నీరు నిలిచి, మెల్లగా దిగును. ఎగువ రైతులు మొదట మిక్కిలి విరోధించిరి. మనవారైనను విరోధింతురు. అప్పుడా సంస్థ ఆ పొలములను కొని, వరదనాడు నీరు నిలుచుటకు హక్కు తానుంచుకొని, తిరిగి రైతులకే అమ్మెను. రైతు దున్నుకొనుచుండును, వరదనాడు నీరు వచ్చి పోవును. ఈ వ్యయమంతయు వరదనుండి తప్పించుకొన్న ఆస్తులపై పన్నుగా వేసిరి. నాటినుండి డేటను అట్టి వరద మరల చూడలేదు.

మన యెగువ గ్రామముల గతి ఇందుకు సరిగా తలక్రిందులు. 1996 మార్చిలో 111వ ఉత్తర్వు వచ్చెను. రెండు జలాశయముల చుట్టు పదికిలోమీటర్ల మేర 84 గ్రామములలో పెద్ద కట్టడములు, కర్మాగారములు కూడదని దాని నిషేధము. సదుద్దేశమే. నీరు పరిశుభ్రముగ నుండుటకును, నేల వాననీటిని పీల్చుటకును అది అవసరమే. కాని ఆ గ్రామముల రైతులకు అందుకు ప్రతిగా లభించినదేమి? ప్రక్క గ్రామమున ఎకరము కోట్లకు అమ్ముడుపోవుచుండ, తాము జొన్న, కూరగాయలు వేసికొని నగరపు నీటిని కాచిరి. పాతికేండ్లకు పైగా కాచిరి. వారి గోడు ఎవరును వినలేదు. తుదకు 2022 ఏప్రిలులో 69వ ఉత్తర్వుచే ఆ నిషేధమును సడలించిరి. రైతుల నొప్పి నిజమైనది, మందు తప్పినది. ఆంక్ష తీసివేయుటకంటె ఆంక్షకు వెల కట్టి యేటేట చెల్లించుట న్యాయము. నేలను నేలగా నుంచినందులకు ఎకరమున కింతయని నగరపు గృహపన్నునుండి ఆ రైతులకు ముట్టియుండినచో, ఆ భూములు దళారుల చేత బడవలసిన యగత్యము ఉండెడిది కాదు. ఈ మాట ఇప్పుడు చెప్పుట ఆలస్యమని యెరుగుదును. అయినను పొలములన్నియు ఇంకను పోలేదు.

మన తప్పులను గూడ దాచరాదు. మన చెరువుల శిఖములలో చొరబడినవారిలో పట్టణపు ఆసాములు మాత్రమే కలరా? చెరువులోనికి నీరు తెచ్చు ఒర్రెను చదును చేసి రెండు మళ్లు కలుపుకొన్నవాడు మనలోనివాడే. తన మడి మునుగుచున్నదని రాత్రివేళ మత్తడిరాయిని పగులగొట్టినవాడును మనవాడే. ఎండకాలమున చేపలకై తూమునకు అడ్డు పెట్టి, వానకాలమున తీయ మరచినవాడు గూడ మనవాడే. మా గ్రామమున ఒక యేడు మత్తడికి అడ్డముగ ఇసుకబస్తాలు వేసి నీరు ఎక్కువ నిలుపుకొంటిమి. ఆ యేటి పంట బాగుండెను. ఆ యేడు గొప్పవాన రాలేదు గనుక ఈ సంగతి నేను ధైర్యముగ వ్రాయుచున్నాను. వచ్చియున్నచో వ్రాయుటకు మొగము చెల్లెడిది కాదు.

పూర్వము కట్ట కాచుటకు ఏర్పాటుండెను. రాయలసీమలో చెరువు బాగుచేయువారికి దసబంద మిచ్చుచుండిరి. మన వైపు నీరటికానికి మేరలు గలవు. ఆ యేర్పాటులు పోయినవి, వాని స్థానమున వచ్చినవి నిలకడగా నిలువలేదు. 1997 చట్టముచే నీటి వినియోగదారుల సంఘము లేర్పడెను. 2015లో మిషను కాకతీయ పేర తెలంగాణమున నలుబదియారువేల చెరువుల మరమ్మతు తలపెట్టిరి; చాలచోట్ల పూడిక తీయుట మేలుగానే జరిగెను. ఆ ఒండ్రు పొలములకు తోలుకొన్న రైతులకు దాని మేలు తెలియును. కాని పూడిక ఒకసారి తీసిన చాలదు, కట్టను ఏటేట చూడవలెను. కంట్రాక్టరు వచ్చి పోవును, కట్ట ఉండిపోవును. మా మేనల్లుని చలనచిత్రపు ఊరివలె పదిదినములు నిలిచి పోవునది కాదు గదా చెరువు.

కావున మన సహకార సంఘములు చేయదగినది ఒకటి కలదని నాకు తోచుచున్నది. మూసీ, ఈసీ పరీవాహములోని ప్రతి గ్రామమున సహకార సంఘము ఏటేట వైశాఖమున తన చెరువు కట్ట యెత్తు, మత్తడి వెడల్పు, తూముల స్థితి కొలిచి ఒక పుస్తకమున వ్రాయవలెను. కొలుచుటకు గొలుసు, మట్టపుబద్ద, ఇద్దరు చదువుకొన్న యువకులు చాలుదురు. ఆ పుస్తకములన్నియు ఒకచోట చేర్చినచో, 1909 తరువాత ఎవరును పూర్తిగా చూడని లెక్క మన చేతిలో నుండును. ఎన్ని చెరువులు మిగిలినవి, ఎన్ని ప్లాట్లయినవి, ఎన్ని వచ్చు వానకు తెగనున్నవి తెలియును. ఆ లెక్క చేత బట్టుకొని నగరపాలకులయొద్దకు పోయిన, వారు కాదనుట కష్టము. లెక్క లేక పోయిన, అర్జీ వ్రాసిన కాగితముల కట్టగానే అది మిగులును.

సొమ్ము నేరుగా సంఘమునకే రావలెను, కాని పని చూచి రావలెను. కొలతలు సరియని ఇంజనీరు ఒప్పుకొన్న పిదప సగము, వానకాలము గడచి కట్ట నిలిచిన పిదప సగము. దీనికి మనలో కొందరు ఒప్పరని యెరుగుదును. ముందే అంతయు ఈయవలెననువారికి నేను చెప్పునది, మన అప్పుసంఘములలో ముందుగా ఇచ్చిన సొమ్ము ఏమైనదో మనకే బాగుగ తెలియును. ఈ విషయమున పట్టణపువారు మనలను నమ్మకపోవుట వారి దోషము కాదు.

2024 సెప్టెంబరున విజయవాడ సింగునగరము బుడమేటి నీట మునిగినపుడు గూడ తెగినది నగరములోని గోడ కాదు. ఎగువ మళ్లింపుకాలువ గట్టు గండ్లు పడెను. ఒడ్డున ఎంత కట్టినను, ఎగువ ఎక్కడో మట్టిగట్టు ఒకటి సన్నబడియుండును. దానిని రోజూ చూచువాడు ఆ గట్టుమీద పశువులు తోలుకొనిపోవు రైతే గాని, కార్యాలయమున పటము చూచు అధికారి కాడు.

ఫిలింనగరు విడిచి వచ్చునాడు ఆ యింటి యజమాని వాకిటివరకు వచ్చి, "మీ చెరువు ఒకసారి చూడవలెనని యున్నదండీ. వానకాలములో వచ్చిన బాగుండునా?" అని అడిగెను. వానకాలమున చెరువు అందముగా నుండును; సినిమావారు అప్పుడే వత్తురు. వైశాఖమున నీరు అడుగంటినపుడు రమ్మంటిని. కట్ట నెర్రెలు అప్పుడే కనబడును.